రేగడి జొన్నకు జనుపరొట్ట

మద్నూరు ప్రాంతపు నల్లరేగడి భూములలో వానకాలమున సోయాచిక్కుడు, మినుము, పెసర, యాసంగిలో శనగ, జొన్న వేయుట వాడుక. సోయా పప్పుజాతి పైరు గనుక దానివలన భూమి తనంతట తానే బలపడునని పలువురు తలంచుచున్నారు. ఈ తలంపును లెక్కకట్టి చూతము.

సోయాగింజలో నూటికి సుమారు 40 పాళ్లు మాంసకృత్తులుండును. అనగా నత్రజని 6 పాళ్లకు పైగా నుండును. ఎకరమునకు 8 క్వింటాళ్లు పండినచో దాదాపు 50 కిలోల నత్రజని గింజలతోనే అంగడికి పోవుచున్నది. వేళ్ల బుడిపెలు గాలినుండి తెచ్చినదానిలో అధికభాగ మట్లు తరలిపోగా, భూమికి దక్కునది రాలిన ఆకును, వేళ్లును మాత్రమే.

పొలమునుండి ఏమియు గైకొనక, పైరునంతటిని పొలమునకే యిచ్చుట పచ్చిరొట్ట ఎరువు. చల్లని దేశములలో ఇందుకై కుట్టు అను పైరును వేయుదురు. అది నాలుగైదు వారములలో పూతకు వచ్చి కలుపు నణచును. కాని పప్పుజాతిది కాదు గనుక గాలిలోని నత్రజనిని పట్టజాలదు, మన యెండలును దానికి సరిపడవు. 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రింది వరిమడులకు, నీరు నిలిచినను ఓర్చుకొను జీలుగ తగినది. నీరు నిలువని మన మెట్టరేగడికి జనుము మేలు.

మృగశిర కార్తెలో వాన పడగానే ఎకరమునకు 12 మొదలు 15 కిలోల విత్తనము చల్లి గుంటకతో కప్పవలయును. ఒత్తుగా మొలచినచో కాడ సన్నగా, లేతగా నుండును. జొన్నకు వేయదలచిన సూపర్‌ఫాస్ఫేటును జనుమునకే వేసినచో బుడిపెలు బాగుగా కట్టును. 45 దినములకు, పూత తొడుగు వేళకు, కలియదున్నవలయును. 60 దినములు దాటినచో కాడ నారకట్టి త్వరగా చివుకదు. తడిసిన రేగడిలో ఎడ్లుగాని ట్రాక్టరుగాని దిగజాలవు. కావున 40వ దినమునుండియే పదును కనిపెట్టి, తెరపి దొరికిననాడే దున్నుట మంచిది. పూతకై వేచియుండరాదు.

ఎకరమునకు 6 టన్నుల రొట్ట వచ్చినచో సుమారు 25 కిలోల నత్రజని భూమిలో చేరును. 45 కిలోల యూరియా బస్తాలో నుండునది 21 కిలోలకు లోపే. అదిగాక, యూరియా ఈయజాలని సేంద్రియపదార్థము భూమికి లభించును. మన యెండలకది త్వరగా కరగిపోవును గనుక ఒక్కమారు వేసి చాలించుట తగదు.

ఇందలి నష్టమును దాచరాదు. వానకాలపు పంట ఆ చెలకలో ఉండదు. పుష్యమి కార్తె చివరకు దున్నినచో మఖ, పుబ్బ, ఉత్తర కార్తెల వానలు పొలమున ఇంకును. భాద్రపదము వరకు ఉంచినచో, యాసంగి పైరునకు దక్కవలసిన తేమను జనుమే త్రాగివేయును; ఆపై వానలు మొగము చాటినచో ఎరువు లాభమంతయు మునుగును. శనగ తన నత్రజనిని చాలవరకు తానే సంపాదించుకొనును గనుక జనుము వెనుక జొన్నయే వేయదగినది.

నాలుగెకరములు గలవారు ఏటేట ఒక్కొక్క ఎకరము చొప్పున మార్చి వేసినచో ఇల్లు గడచును, నాలుగేండ్లలో భూమియంతయు తేరుకొనును. ఒక్క యేటి కౌలుదారున కీ పని గిట్టదు. ఫలము మరుసటి యేండ్లకును మిగులును గనుక, భూమి గలవారు ఆ ఎకరపు కౌలు కొంత తగ్గించుట న్యాయము. విత్తనము తొలకరికి ముందే చేతనుండవలయును. ఊరివారు కలిసి ఎవరికెంత కావలయునో వేసవిలోనే వ్రాసియుంచుకొనుట మేలు.

మా మాటను నమ్ముటకంటె పరీక్షించుట మంచిది. ఆ చెలకలోనే అయిదు గుంటలు జనుము వేయక విడిచి, రెంటను ఒకే నాడు, ఒకే విత్తనపు జొన్న విత్తుడు. కోతనాడు అయిదేసి గుంటల గింజను, చొప్పను వేరువేరుగా తూచి వ్రాసికొనుడు. మరుసటి యేడు ఏమి చేయవలయునో ఆ తూకమే చెప్పును.