రైన్ నదీతీరమందలి కోటలు – వానిని చదువు విధము

ఐరోపా ఖండములోని మహానదులలో రైన్ నది యొకటి. ఇది స్విట్జర్లాండు దేశమందలి ఆల్ప్స్ పర్వతములలో పుట్టి, జర్మనీ దేశముగుండ ఉత్తరముగా ప్రవహించి, హాలండు తీరమున ఉత్తర సముద్రమును జేరుచున్నది. దీని పొడవు సుమారు 1,230 కిలోమీటర్లు. ఇందులో బింగెన్ పట్టణము మొదలు కోబ్లెన్జ్ పట్టణము వఱకు గల 65 కిలోమీటర్ల భాగము మిక్కిలి ప్రసిద్ధము. అచ్చట నది కొండలను జీల్చుకొని యిఱుకైన లోయలో పాఱును. ఇరుప్రక్కల మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలును, నీటియొడ్డున ప్రాచీన పట్టణములును, కొండకొమ్ములమీద సుమారు 40 కోటలును గలవు. 2002వ సంవత్సరమున యునెస్కో సంస్థ ఈ లోయను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

విద్యార్థులారా! కోట యనగానే మనకు శూరులును, గుఱ్ఱపు రౌతులును, జయభేరులును జ్ఞప్తికి వచ్చును. పటములలో ఈ కోటలను జూచువారు వాని సౌందర్యమునకు ముగ్ధులగుదురు. అది తప్పు గాదు. కాని చరిత్ర నభ్యసించువాడు అంతటితో తృప్తి నొందరాదు. ఏ కోటను జూచినను మూడు ప్రశ్నలు వేయవలెను: దీనిని కట్టినవా రెవరు? ఎవరి సొమ్ముతో కట్టిరి? ఇది యెట్లు కూలెను, లేదా యెట్లు నిలిచెను? ఈ ప్రశ్నలను మనసున నుంచుకొని దేశపటముమీద నదివెంట ప్రయాణము చేయుదము.

నదియే రాజమార్గము

మధ్యయుగమున బరువైన సరకులకు నదియే మేలైన దారి. ధాన్యము, ద్రాక్షసారాయము, కలప మున్నగునవి పడవలమీద సాగెడివి. ప్రవాహమున కెదురుగా పోవు పడవలను గట్టుమీదనుండి గుఱ్ఱములు త్రాళ్లతో లాగెడివి. లోయ యిఱుకగుటచే పడవకు తప్పించుకొని పోవ వేఱుదారి లేదు. కావున తీరమందలి ప్రభువులు సుంకపు ఠాణాలను పెట్టి, వానిని కాపాడుటకు కొండలమీద కోటలను గట్టిరి. మాయిన్జ్, ట్రియర్, కొలోన్ నగరముల ఆర్చిబిషప్పులకును, పాలటినేటు ప్రభువునకును ఈ ప్రాంతమున భూములు గలవు. 1356వ సంవత్సరపు శాసనముచే రాజును ఎన్నుకొను హక్కు స్థిరపడిన ఏడుగురు ప్రభువులలో నలుగురు వీరే. ఇట్టి గొప్పవారి పొలిమేరలు ఒకదానినొకటి తాకుచుండుటచే వర్తకుడు కొద్దిదూరములోనే మరల మరల సుంకము చెల్లింపవలసి వచ్చెను. ఆ భారమును అతడు సరకు వెలలో జేర్చును. తుదకు దానిని మోయువాడు రొట్టె కొనుక్కొను పేదవాడే. మన రెండవ ప్రశ్నకు ఇదియే ప్రత్యుత్తరము.

1250లో చక్రవర్తియైన రెండవ ఫ్రెడరిక్ మరణించిన పిదప 1273 వఱకు దేశమున బలవంతుడగు రాజు లేడయ్యెను. ప్రభువులు తమ యిచ్చవచ్చినట్లు సుంకములు విధించిరి. 1254లో మాయిన్జ్, వర్మ్స్ మొదలగు నగరములు ఒక సంఘముగా గూడి, అన్యాయపు సుంకముల నెదిరింప బూనెను. అంతకు ముందు 1245లో డీటర్ అను ప్రభువు సాంక్ట్ గోవార్ పట్టణముపై రైన్‌ఫెల్స్ కోటను గట్ట నారంభించి, క్రింద పోవు పడవలనుండి సుంకము గొనుచుండెను. నగరముల సేనలు ఆ కోటను ఏడాదికి పైగా ముట్టడించియు గెలువలేకపోయెను. తరువాత రుడాల్ఫ్ రాజు 1282లో దారిదోపిడికి నిలయములైన జోనెక్, రైఖెన్‌స్టైన్ కోటలను కూల్పించెను. సుంకమునకును దోపిడికిని నడుమ నున్న గీటు ఎంత సన్ననిదో దీనివలన దెలియుచున్నది.

బింగెన్ మొదలు దిగువకు

బింగెన్ చెంత నదీమధ్యమున ఒక చిన్న దీవిమీద మూషిక బురుజు అనునది గలదు. కఱవుకాలమున ధాన్యమును దాచి పేదలను కాల్పించిన హాట్టో అను ఆర్చిబిషప్పును ఎలుకలు తఱిమి తఱిమి ఈ బురుజులో తినివేసెనని కథ. ఇది చరిత్ర గాదు. జర్మను భాషలో ‘మౌట్’ అనగా సుంకము, ‘మౌస్’ అనగా ఎలుక. ఒకమాట మఱియొక మాటగా మాఱుటచే కథ పుట్టియుండునని పలువురు తలంచుచున్నారు. అయినను సుంకపు బురుజును జూచి ప్రజలు ఏమి తలపోసిరో ఆ కథ చక్కగా దెలుపుచున్నది.

మఱికొంత దిగువకు పోయినచో కౌబ్ పట్టణమున కెదురుగా, నీటినడుమ రాతి ఓడవలె ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ కోట కనబడును. బవేరియా వంశపు లుడ్విగ్ రాజు దీనిని 1327 ప్రాంతమున సుంకపు బురుజుగా గట్టించెను. ఇది యెన్నడును శత్రువులచే గూలలేదు. 1814వ సంవత్సరాది రాత్రి ప్రష్యా సేనాని బ్లూఖర్ ఇచ్చటనే నదిని దాటి నెపోలియనుపై దండు వెడలెను. 1868 నాటి మాన్‌హైమ్ ఒడంబడికవలన రైన్ నదిమీద పడవలు సుంకము లేక స్వేచ్ఛగా సాగు హక్కు స్థిరపడెను. కోటలు సాధించినదానిని ఒక కాగితము రద్దుచేసెనని చెప్పవచ్చును.

అటుపిమ్మట 132 మీటర్ల యెత్తున లోరెలై శిల నిలిచియున్నది. అచ్చట నది వంపు తిరిగి యిఱుకగుటచే పూర్వము పడవలకు గండము. శిలపై గూర్చుండి పాటచే నావికులను మోసగించు కన్యక కథ అతిప్రాచీనమని పలువురు నమ్ముదురు. అది 1801లో బ్రెంటానో అను కవి కల్పించినది. 1824లో హైనె కవి రచనవలన లోకమంతట వ్యాపించెను. ఆవల బ్రౌబాఖ్ పట్టణముపైన మార్క్స్‌బుర్గ్ గలదు. ఈ లోయలో కొండమీద గట్టిన కోటలలో ఎన్నడును ధ్వంసము గానిది ఇదొక్కటే.

కూలుటయు మరల లేచుటయు

ఫిరంగులు వచ్చిన పిదప ఎత్తైన గోడలకు పూర్వపు బలము లేకపోయెను. 1689లో ఫ్రాన్సు రాజైన పదునాల్గవ లూయీ సేనలు ఈ ప్రాంతమున అనేక కోటలను ప్రేల్చి, స్పయర్, వర్మ్స్ నగరములను దగ్ధము చేసెను. రైన్‌ఫెల్స్ 1692లో ఆ సేనల నెదిరించి నిలిచెను. కాని 1794లో యుద్ధము లేకయే ఫ్రెంచి విప్లవ సేనల వశమై, కొలది యేండ్లకే ప్రేల్చబడెను.

పందొమ్మిదవ శతాబ్దమున శిథిలములపై మక్కువ పుట్టెను. కోబ్లెన్జ్ చెంతనున్న స్టోల్జెన్‌ఫెల్స్ శిథిలమును 1823లో ప్రష్యా యువరాజునకు కానుకగా నొసగిరి. అతడు దానిని పసుపువన్నె రాజభవనముగా గట్టించెను. కోబ్లెన్జ్ వద్ద రైన్ నదిని గలియు మోసెల్ నది తీరమున కోఖెమ్ కోటను 1868 మొదలుకొని బెర్లిను వర్తకుడొకడు పునర్నిర్మించెను. కావున మధ్యయుగమును జూచితిమని సంతసించు యాత్రికుడు పెక్కుచోట్ల చూచునది పందొమ్మిదవ శతాబ్దమునే.

బాఖరాఖ్ చర్చి

ఇక కౌబ్‌కు కొంచెము ఎగువనున్న బాఖరాఖ్ పట్టణమును గూర్చి చెప్పవలసియున్నది. దానిని కడపటికి నిలుపుటకు కారణము గలదు. కొండమీద స్టాలెక్ కోట. 1689లో కూలినదానిని 1925 మొదలు మరల గట్టి యువజనుల వసతిగృహముగా జేసిరి. దానిక్రింద కప్పులేని యొక చిన్న చర్చి యెఱ్ఱరాతి గోడలు మిగిలియున్నవి. కిటికీలగుండ ఆకాశము గానవచ్చు ఆ శిథిలము మిక్కిలి రమ్యము.

దానిని మన ప్రశ్నలు అడుగుదము. 1287లో వెర్నర్ అను బాలుడు ఈ చెంత శవమై కనబడెను. యూదులు అతనిని చంపిరని ఒక అబద్ధము పుట్టెను. దానిని నమ్మినవారు రైన్ తీరమున నిరపరాధులగు యూదులను, స్త్రీలు పిల్లలనక, చంపిరి. రుడాల్ఫ్ రాజు ఆ యారోపణను నమ్మలేదు. అయినను జనము బాలుని పరిశుద్ధునిగా నెంచి, యాత్రలు చేసి, కానుకలతో ఈ చర్చిని గట్టిరి. ఇట్టి అబద్ధమునే 1934లో నాజీల పత్రిక యొకటి మరల అచ్చువేసి ప్రజలలో ద్వేషమును రేపెను. 1963లో ట్రియర్ మేత్రాసనము వెర్నర్ పేరును తన పరిశుద్ధుల పట్టికనుండి తొలగించెను. అబద్ధము పుట్టుటకు ఒక్క దినము చాలెను; దానిని దిద్దుటకు 676 సంవత్సరములు పట్టెను.

క్రైస్తవులమగు మనము ఈ సంగతిని దాచరాదు. ఆ చర్చిని గట్టినవారు దేవుని పేరనే కట్టిరి; ఆ గోడలు చక్కనివే. కాని అందము సత్యమునకు సాక్ష్యము గాదు. నేడా శిథిలమును బాగుచేసి నిలుపుకొన్నది అబద్ధమును గౌరవించుటకు గాదు, జ్ఞాపకముంచుకొనుటకే.

కాబట్టి విద్యార్థులారా! మీరెప్పుడైన ఒక ప్రాచీన కట్టడము నెదుట నిలిచినప్పుడు మొదట దాని సౌందర్యమును కన్నులార జూడుడు. పిదప ఆ మూడు ప్రశ్నలను అడుగుడు. ప్రత్యుత్తరము మనకు ప్రియముగా నున్నను లేకున్నను దానిని వినుటయే చరిత్ర పఠనమునకు ఫలము.