పాత రిమోట్ కారుకు ఏ మోటారు? ఏ బ్యాటరీ?



ఎనిమిదో తరగతి తమ్ముడి పాత రిమోట్ కారు కాల్చింది నేనే. దాంట్లో గోడ గడియారానికి వేసే సెల్లులు నాలుగు పడతాయి. ఒక్కోటి 1.5 వోల్టులు, మొత్తం 6. "ఇంకా స్పీడుగా పోవాలన్నా" అన్నాడు వాడు. నేను పాత పవర్ బ్యాంకు విప్పి, రెండు లిథియం సెల్లులు వరుసలో కలిపాను. నిండా ఛార్జి అయితే ఒక్కోటి 4.2, రెండూ 8.4 వోల్టులు. వరండాలో కారు బాణంలా పోయింది. కిందికి దిగి ఇసుకలో కూరుకుంది. నేను బటన్ వదల్లేదు. పొగ వచ్చింది! తమ్ముడు ఒక్క మాట అనలేదు. కారు తీసుకెళ్లి ట్రంకుపెట్టెలో పెట్టేసుకున్నాడు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ఎందుకు కాలింది?

మోటారు తిరిగేటప్పుడు దానిలోనే ఎదురు వోల్టేజి పుట్టి, కరెంటును తగ్గిస్తుంది. చక్రం ఆగితే ఆ అడ్డు ఉండదు. తీగచుట్ట నిరోధం 1 ఓమ్ అనుకుందాం. ఓమ్ నియమం ప్రకారం 6 వోల్టులకు 6 ఆంపియర్లు, వేడి 36 వాట్లు. 8.4 వోల్టులకు 8.4 ఆంపియర్లు, వేడి 70 వాట్ల పైనే. వోల్టులు పెరిగింది 40 శాతమే, వేడి మాత్రం దాదాపు రెట్టింపు!

మోటారు

చిన్న బొమ్మ కార్లలో ఎక్కువగా ఉండేది 130 రకం. పొడవు సుమారు 25 మి.మీ., ఇరుసు 2 మి.మీ. పెద్ద కార్లలో 540 రకం ఉంటుంది, వ్యాసం సుమారు 36 మి.మీ. జపాన్ కంపెనీ తామియా తన మొదటి రిమోట్ కారును 1976లో తెచ్చింది. 1980లలో అలాంటి కార్లకు 1.2 వోల్టుల నికెల్ కాడ్మియం సెల్లులు 6 కలిపి, 7.2 వోల్టులతో నడిపేవారు.

మార్చేటప్పుడు సైజు, ఇరుసు, వోల్టులు మూడూ పాతదాని లాగే ఉండాలి. తీగ చుట్లు తక్కువున్న మోటారు వేగంగా తిరుగుతుంది గానీ కరెంటు ఎక్కువ తాగుతుంది. పాత సర్క్యూటు, ప్లాస్టిక్ పళ్లచక్రాలు దానికి తట్టుకోవు.

బ్యాటరీ

మన నీళ్ల ట్యాంకు చూడండి. ట్యాంకు ఎత్తు వోల్టుల లాంటిది. ట్యాంకులో పట్టే నీళ్లు మిల్లీ ఆంపియర్ అవర్ల లాంటివి. రెండోది పెంచితే కారు ఎక్కువసేపు తిరుగుతుంది, కాలదు. 2000 ఉన్న సెల్లుతో 1 ఆంపియర్ తాగే కారు సుమారు 2 గంటలు నడుస్తుంది.

1. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు నాలుగు వేస్తే 4.8 వోల్టులే. వేగం కాస్త తగ్గినా కారుకు క్షేమం.
2. పలకల 9 వోల్టుల బ్యాటరీ రిమోట్‌కే. మోటారుకు కావలసినంత కరెంటు ఇవ్వలేదు.
3. పాత సెల్లు, కొత్త సెల్లు కలపొద్దు.
4. లిథియం సెల్లులు నాలాగా విప్పి తీయకండి. వేరే రకం ఛార్జర్‌లో పెట్టకండి. ఉబ్బితే ముట్టుకోకుండా వార్డెన్ గారికి చెప్పండి.
5. మన కాట్రేనికోనది ఉప్పుగాలి. సెల్లు తగిలే రేకులకు చిలుం పడితే ఉప్పుకాగితంతో రుద్దండి.

అదృష్టం కొద్దీ సర్క్యూటు బతికింది. విరిగిన ఇంకో బొమ్మలోని 130 మోటారు తీసి బిగించాను. ఇప్పుడు కారు నెమ్మదిగా పోతుంది గానీ, పోతుంది. మొన్న ఆదివారం మళ్లీ ఇసుకలో ఇరుక్కుంది. "అన్నా, ముందు బటన్ వదులు" అన్నాడు తమ్ముడు. వాడికి పాఠం వచ్చేసింది.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి