పిల్లల మురికి – తల్లుల నమాజు

వానాకాలంలో మన కోనసీమ ఇళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. కొబ్బరి తోటలో ఆడి కాళ్ళ నిండా బురదతో వచ్చేది ఒకడు. బోండాం నీళ్ళు చొక్కా మీద ఒలకబోసుకునేది ఇంకొకడు. చంకలోని పసివాడు అమ్మ చీరను తడిపేస్తాడు.

ఆ మధ్య కొత్తపేట ప్రాంతంలో మేము దర్స్ చెబుతుండగా ఒక సోదరి తెర వెనుక నుంచి ఇలా అన్నారు: "మౌలానా గారూ! ముగ్గురు మగపిల్లలు. బట్టలు ఎప్పుడూ పాక్‌గా ఉండవు. రెండేళ్ళుగా నమాజు సరిగా చదవడం లేదు. కోపం వచ్చినప్పుడు 'మీ వల్లే నా నమాజు పోతోంది' అని పిల్లల్ని తిడుతున్నాను."

ప్రియ సోదరీమణులారా! మురికి వేరు, నజాసత్ (అశుద్ధం) వేరు. బురద, బోండాం మరక, చీమిడి, అన్నం మెతుకులు చూడ్డానికి బాగుండవు గాని, అవి నజాసత్ కావు. బురదలో అశుద్ధం కనిపిస్తే తప్ప ఆ బట్టలతో నమాజు నెరవేరుతుంది. పసివాడి నోటి నుంచి కొద్దిగా కారిన పాలు కూడా అంతే. నోటి నిండా కక్కితే మాత్రం హనఫీ ఫిఖా ప్రకారం కడగాలి.

ఇక మూత్రం. ఉమ్మె ఖైస్ (రజి) ఇంకా అన్నం ముట్టని తన కొడుకును దైవప్రవక్త (సఅసం) వద్దకు తెచ్చారు. ఆ బిడ్డ ఆయన దుస్తులు తడిపేశాడు. ఆయన విసుక్కోలేదు, నీళ్ళు తెప్పించి ఆ చోట చల్లారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. దీన్నిబట్టి పాలు మాత్రమే తాగే మగబిడ్డ విషయంలో నీళ్ళు చిలకరిస్తే చాలని ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) అన్నారు. హనఫీ ఉలమాలు నీళ్ళు పోసి కడగాలన్నారు. అన్నం తినే పిల్లవాడి మూత్రమైతే అందరి దృష్టిలోనూ కడగాల్సిందే.

అయితే తడిసిన చోటు కడిగితే చాలు. చీరంతా ఉతకనక్కరలేదు, గుస్ల్ అవసరం లేదు. ఉజూ తర్వాత చేతికి మూత్రం తగిలితే ఉజూ భంగం కాదు, చేయి కడుక్కోవాలి. నమాజు కోసం ఒక జత బట్టలు, ఒక జానమాజ్ విడిగా ఎత్తి పెట్టుకుంటే సగం కష్టం తీరుతుంది.

తండ్రులారా! ఇది తల్లి ఒక్కతే మోసే బరువు కాదు. కాలువ గట్టున నిలబడి మూత్రం పోసే అలవాటు మాన్పించి, కూర్చోవడం, నీళ్ళతో శుభ్రపరచుకోవడం కొడుక్కి నేర్పేది మీరే. మూత్రపు తుంపరల విషయంలో అజాగ్రత్త సమాధి శిక్షకు కారణమవుతుందని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు.

నేర్పే తీరు కూడా ఆయన నుంచే నేర్చుకుందాం. పళ్ళెమంతా చేయి తిప్పుతున్న బాలుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి)ను ఆయన కొట్టలేదు. అల్లాహ్ పేరు తలచి, కుడి చేత్తో, తన ముందున్నది తినమని చెప్పారు. ఆ బాలుడు జీవితాంతం అలాగే తిన్నారు.

"నీ వల్లే నమాజు పోయింది" అని రోజూ వినే పిల్లవాడికి నమాజు మీద ప్రేమ ఎలా పుడుతుంది? తడిసిన కొంగు కడుక్కుని అమ్మ నమాజుకు నిలబడడం చూస్తే, రేపు వాడే పక్కన నిలబడతాడు.

అల్లాహ్ మన ఇళ్ళకు శుభ్రతను, మన మనసులకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.