పత్తిసాగు సలహాల పునర్వినియోగం – ‘ఈ-సాగు’ అనుభవం

శాస్త్రవేత్త బదిలీ అయినపుడు ఆయన క్షేత్రానుభవం కూడ ఆ ప్రాంత రైతులకు దూరమగును. దానిని కంప్యూటరులో నిలుపుటకు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2004లో ప్రారంభించిన ‘ఈ-సాగు’ ఒక మార్గము చూపినది. వరంగల్ సమీపమున గల ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ గ్రామముల పత్తి చేల ఛాయాచిత్రములను, పంట వివరములను సమన్వయకర్తలు పంపగా, హైదరాబాద్‌లోని నిపుణులు పరిశీలించి చేనువారీగా సలహాలిచ్చిరి.

ఇట్లు నమోదైన సలహా మరొక చేనికి ఉపకరించునా? పత్తి ఆకు ఎర్రబారుటకు పచ్చదోమ కారణము కావచ్చును; మెగ్నీషియం లోపమును కావచ్చును. అంచులు క్రిందికి ముడుచుకొనిన దోమగా, ఈనెలు పచ్చగానుండి నడిమి భాగము ఎర్రబడిన లోపముగా అనుమానించవలెను. లోపమునకు పురుగుమందు పిచికారి చేసిన రైతుకు ఖర్చే మిగులును. కావున లక్షణము, నిర్ధారించిన కారణము, సలహా, తదుపరి ఫలితము – ఈ నాలుగింటిని కలిపి నమోదు చేసిననే పాత సలహా క్రొత్త శాస్త్రవేత్తకు ఆధారమగును.