విజ్ఞాన యాత్రలు, అతిథి పాఠాలు – మన గురువులకు మన చేదోడు

మేము ఈ వసతిగృహంలో ఉండి చదువుకున్న ఐదేళ్ళలో విశాఖపట్నం విజ్ఞాన యాత్ర మూడుసార్లు ఖరారైంది, మూడుసార్లూ రద్దయింది. మొదటిసారి బస్సు అద్దె పోగవలేదు. రెండోసారి డబ్బు సమకూరింది గానీ అనుమతి కాగితం చేతికొచ్చేసరికి పరీక్షలు ముంచుకొచ్చాయి. మూడోసారి తెల్లవారితే ప్రయాణం. వంటాయన పులిహోరకు చింతపండు కూడా నానబెట్టేశాడు. ఆ రాత్రి ఎక్కడో పిల్లల బస్సు బోల్తా పడిందన్న వార్త విని పెద్దలు వద్దన్నారు. ఆ పులిహోర మర్నాడు మెస్సులోనే కూర్చుని తిన్నాం.

అప్పట్లో మాకు మాస్టార్ల మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు మాలో కొందరం బడిపంతుళ్ళమే. బల్లకు అటువైపు నిలబడ్డాక గానీ వారి ఇబ్బంది తెలిసిరాలేదు. నలభై మంది పిల్లల్ని గేటు దాటించి తీసుకెళ్ళే ఉపాధ్యాయుడు నలభై ఇళ్ళకు జవాబుదారీ. ఏదైనా జరిగితే సంతకం పెట్టినవారే సమాధానం చెప్పాలి. ఏమీ జరగకపోతే అడిగేవారే ఉండరు. ఇలాంటి లెక్కలో ఎవరైనా తరగతి గదికే మొగ్గు చూపుతారు. కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, "మా సార్లు ఎక్కడికీ తీసుకెళ్ళరు" అనే ముందు వారి బరువులో మనం ఎత్తగలిగింది ఎంతో చూద్దాం.

ముందు డబ్బు సంగతి. యాత్ర అనగానే మన మనసు విశాఖ మీదికే పోతుంది. అక్కడ చూడదగ్గవి ఉన్నమాట నిజమే. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి 2002 నుంచి బీచ్ ఒడ్డున మ్యూజియంగా నిలిచిన కుర్సురా జలాంతర్గామి. ఒక్క కుర్సురాకు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళవచ్చు గానీ, మిగిలిన రెండింటికీ ముందస్తు అనుమతి ఉండాలి, దానిపైన బస్సు ఖర్చు.

మరి మన అచ్యుతాపురం చుట్టూ ఏముంది? మన మండలంలోనే కొండకర్ల ఆవ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సుగా దీన్ని చెబుతారు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. అక్కడి తాటి దోనెను ఎప్పుడైనా గమనించారా? లోపల తొలిచిన రెండు తాటి మానులను పక్కపక్కన జత చేసి కడతారు. ఒక్క మానైతే నీటిలో పక్కకు దొర్లిపోతుంది. రెండింటినీ కలిపితే అడుగు వెడల్పై నిలకడ వస్తుంది. ప్లవన సూత్రం, గరిమనాభి, స్థిరత్వం అని భౌతికశాస్త్రంలో మనం బట్టీ పట్టేదంతా ఆ దోనెలో ఉంది. దానికి విశాఖ దాకా పోనక్కర లేదు.

అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపించిన బౌద్ధ క్షేత్రం అది. కొండరాతినే తొలిచి మలిచిన స్తూపాలు వరుసగా కనిపిస్తాయి. సంఘారామం అన్న మాటే శంకరం అయిందంటారు. సాంఘికశాస్త్రంలో బౌద్ధం పాఠం వచ్చిన వారంలో ఆర్టీసీ బస్సెక్కి వెళ్ళి పొద్దు వాలేలోగా వచ్చేయవచ్చు. ఇక అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. చెరకు మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన స్థానం కూడా ఆ ఊళ్ళోనే ఉంది.

అనుమతి విషయంలో ఉపాధ్యాయుడికి కావలసింది ధైర్యవచనం కన్నా ఒక కాగితం. పైవారికి చూపించుకోవడానికి ఆధారం ఉండాలి. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం తన మార్గదర్శక సూత్రాల్లో మొట్టమొదటగా చెప్పింది బడిలోని జ్ఞానాన్ని బడి బయటి జీవితంతో ముడిపెట్టమనే. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వారికి సంచీ లేని పది రోజులు ఉండాలని, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు వంటి స్థానిక నిపుణుల దగ్గర పిల్లలు పని తెలుసుకోవాలని చెప్పింది. విన్నపంలో ఈ రెండు మాటలు రాసి, ఏ తరగతి, ఏ పాఠం, ఎన్ని గంటలు, ఎవరెవరు వెంట ఉంటారు అన్నది ఒకే పేజీలో పెట్టి ప్రధానోపాధ్యాయుల వారికి ఇస్తే, "చూద్దాం లెండి" అనడానికి బదులు చదివి సంతకం పెట్టే అవకాశం ఎక్కువ. ఆ పేజీ చిత్తుప్రతిని తొమ్మిది, పదో తరగతుల వాళ్ళు రాసి మాస్టారికి దిద్దడానికి ఇవ్వవచ్చు. తల్లిదండ్రుల అంగీకార పత్రాలు పోగుచేయడం కూడా మీరే చేయవచ్చు. మన హాస్టల్ పిల్లలకైతే ఇది అసలు చిక్కు, ఎందుకంటే అమ్మానాన్నలు ఊళ్ళలో ఉంటారు. సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళేటప్పుడే సంవత్సరానికి సరిపడా ఒక పత్రం తీసుకెళ్ళి సంతకమో వేలిముద్రో వేయించుకొస్తే, తర్వాత దానికోసం పరుగులు పెట్టే పని ఉండదు. ఆ వేలిముద్రకు ముందు యాత్ర ఎక్కడికో ఇంట్లో విప్పి చెప్పండి. చెప్పకుండా వేయించుకున్న వేలిముద్ర అంగీకారం కాదు.

భయం మాట దగ్గర మేము తేలిగ్గా మాట్లాడలేం. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి యాత్రకు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్ళు దిగినప్పుడు నీళ్ళు తక్కువగానే ఉన్నాయి. ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చింది. అంత దూరం ఎందుకు, 2022 జూలైలో మన పూడిమడక తీరంలోనే సముద్రంలోకి దిగిన ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా పెద్దల భయం ఊరికే పుట్టినది కాదు.

కానీ భయపడి మానేయడం ఒక దారి, భయాన్ని పద్ధతిగా మార్చుకోవడం ఇంకో దారి. మేమిప్పుడు మా బళ్ళలో పాటిస్తున్నవి చెబుతాం. నీళ్ళున్న చోటికి వెళ్తే ఒడ్డు మీద నుంచే పాఠం. పాదం తడవకూడదు. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరూ దోనె ఎక్కరు, మాస్టారుతో సహా. ఆ నీటి గుణం తెలిసిన ఊరిమనిషి ఒకరు మొదటి నుంచి చివరి వరకు వెంట ఉండాలి. ఐదుగురికి ఒక నాయకుడు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, తిండి దగ్గర అతడే తన నలుగురినీ లెక్కపెట్టి చెప్పాలి. నలభై తలలు ఒక్కరే లెక్కపెట్టడం కన్నా ఎనిమిది మంది ఐదేసి లెక్కపెట్టడం నమ్మకం. ఇంకొకటి, చెప్పడానికి మొహమాటపడతారు గానీ ఆడపిల్లల యాత్రలు ఎక్కువగా ఆగిపోయేది దీనివల్లే. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో ముందుగా వెళ్ళి చూసి రావాలి. చూడకుండా బయలుదేరితే ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్ళు తాగరు, మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతాయి. మాకు ఇది తెలియడానికి ఒక యాత్ర పట్టింది.

కర్మాగారాల సంగతి వేరు. మన ఊరి పక్కనే అంత పెద్ద ప్రత్యేక ఆర్థిక మండలి పెట్టుకుని పిల్లలకు ఒక్క ఫ్యాక్టరీ చూపించలేకపోతున్నారే అని చాలామంది అంటారు. 2024 ఆగస్టు 21న ఆ సెజ్‌లోనే ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. రసాయనాలతో పనిచేసే చోటికి పిల్లల్ని తీసుకెళ్ళకపోవడమే సరైనదని మా అభిప్రాయం. అక్కడికి మనం వెళ్ళనక్కర లేదు, అక్కడ పనిచేసేవారే మన దగ్గరికి రావచ్చు. అతిథి పాఠం అవసరం ఇక్కడే వస్తుంది.

అతిథి అంటే మనకు అలవాటైన అర్థం శాలువా, పూలదండ, మైకు. ఒకసారి ఒక పెద్దమనిషి కోసం పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఎండలో వరుసల్లో కూర్చున్నాం. వచ్చి పదిహేను నిమిషాలు మాట్లాడారు. అందులో పది నిమిషాలు వేదిక మీదివారి పేర్లే. అటువంటి అతిథి దొరకలేదని మాస్టార్లు బాధపడనక్కర లేదు.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చింది. "బెల్లం వండేటప్పుడు సున్నం ఎందుకు వేస్తారు? మీలో ఎవరి ఇంట్లోనైనా బెల్లం వండేవారున్నారా?" అని సైన్సు మాస్టారు అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. మా గదిలోనే ఉండే ఒకడి నాన్న ఏటా చెరకు ఆడే రోజుల్లో బెల్లం పెనం దగ్గర పనిచేస్తాడని మాకు తెలుసు. వాడు మా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. తర్వాత మాస్టారికి ఎలాగో తెలిసింది. పిలుద్దామంటే వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "మా నాన్నకి మాట్లాడ్డం రాదు సార్" అన్నాడు.

మాస్టారు బలవంతపెట్టలేదు. ఒక ఆదివారం తానే సైకిలు మీద వెళ్ళి ఆయనతో మాట్లాడొచ్చారు. వారం తిరగకుండా ఆయన బడికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మేం సదువుకోనోళ్ళం బాబూ, మాకేటి తెలుసు" అన్నాడు. "మీకు తెలిసింది నాకు తెలీదండీ. సున్నం ఎంత వెయ్యాలో ఎలా చూస్తారు?" అని అడిగారు మాస్టారు.

అంతే, ఆయన మాట మొదలైంది. చెరకు రసం పుల్లగా ఉంటుందనీ, సున్నపు నీళ్ళు పడితే మడ్డి తేలుతుందనీ, ఎక్కువైతే బెల్లం నల్లబడుతుందనీ, బెండ మొక్క జిగురు కలిపినా మడ్డి విడుస్తుందనీ చెప్పాడు. నురగ రంగు ఎలా మారుతుందో, పాకం చుక్క చల్లటి నీళ్ళలో వేసి ఉండ కడితే దించేయడం ఎలాగో చేతులతో చూపించాడు. మాస్టారు బోర్డు మీద ఒకవైపు ఆయన మాటలు, ఒకవైపు మన పుస్తకంలోని మాటలు రాశారు. పులుపు ఎదురుగా ఆమ్లం, సున్నం ఎదురుగా క్షారం, మడ్డి ఎదురుగా మలినాలు. ఎంత వేడికి దించుతారని ఒకడు అడిగితే ఆయన నవ్వి, "నా కన్నే చెప్తాది" అన్నాడు. వెళ్ళేటప్పుడు మాస్టారు గేటు దాకా సాగనంపి, "మళ్ళీ రావాలి మీరు" అన్నారు. ఆ రాత్రి మా స్నేహితుడు దీపం తీశాక అన్నాడు, "మా నాయన్ని ఎవరైనా 'మీరు' అనడం నేనినలేదురా ఇప్పటిదాకా."

జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన 'తొత్తో-చాన్' తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. అందులో ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఒక రైతును పిల్లలకు చూపించి, ఈ రోజు మీ ఉపాధ్యాయుడు ఈయనే అంటాడు. ఆ పుస్తకం మేము చాలా కాలం తర్వాత చదివాం. చదువుతుంటే మాకు కుర్చీలో కూర్చోని ఆ బెల్లమాయనే గుర్తొచ్చాడు.

ఇటువంటి అతిథులను పిలవడానికి కావలసింది వారి తీరిక వేళ తెలియడం. మర పడవల వారికి తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం ఉంటుంది. వేసవి సెలవులిచ్చేలోగా ఒక వారం, బడి తెరిచాక ఒకటి రెండు రోజులు పూడిమడక గంగపుత్రులు ఒడ్డున దొరుకుతారు. గాలి, ఆటుపోట్లు, వల కన్నుల కొలత వారిని అడగవచ్చు. బట్టల కర్మాగారంలో పనిచేసే అక్కలకు వారాంతపు సెలవు తప్ప తీరిక ఉండదు. ఆ రోజు వారిని బడికి రప్పించడం కన్నా హాస్టల్‌కు పిలవడం సులువు. ఒక చొక్కా ఎన్ని చేతులు మారుతుందో వారికన్నా బాగా ఎవరు చెబుతారు? బెల్లం వండేవారిని మాత్రం చెరకు ఆడే రోజుల్లో పిలవకండి. ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలికి బదులు మనమిచ్చే దండ ఇంట్లో పొయ్యి వెలిగించదు.

అతిథి రావడానికి ముందు ప్రశ్నలు రాసుకోండి. ఐదు చాలు. వాటిని ముందురోజే వారికి వినిపించండి, చదువురాని వారికి బెరుకు పోతుంది. "రండి, మాట్లాడండి" అంటే తడబడేవారు కూడా "ఇది ఎలా చేస్తారు?" అంటే గంటసేపు చెబుతారు. పనిముట్టు ఏదైనా వెంట తెమ్మనండి.

ఆ మర్నాడే మా మాస్టారు, వేడి కన్ను చెబితే సరిపోదు, కొలుద్దామని ప్రయోగశాల ఉష్ణమాపకం తీసుకుని మమ్మల్ని పెనం దగ్గరికి నడిపించారు. అది 110 డిగ్రీల వరకే ఉంది. పాదరసం పైదాకా ఎక్కుతుంటే గాజు పగులుతుందని తీసేశారు. బెల్లం దించేది సుమారు 118 డిగ్రీల దగ్గరని తర్వాత చదువులో తెలిసింది. ఈ వార్షికోత్సవానికి మా బ్యాచి తరఫున 200 డిగ్రీల ఉష్ణమాపకం ఒకటి హాస్టల్‌కు తెచ్చి ఇస్తున్నాం. పాకం ఉండ కట్టే వేడిని ఈసారి మీరు కొలిచి, వచ్చే సంచికలో రాయండి.