ఆన్‌ఫీల్డు జనఘోష

ఇంగ్లండు దేశమున, మెర్సీ నది సముద్రమును చేరుచోట, లివర్‌పూల్ అను రేవుపట్టణము కలదు. ఆ నగరవాసులకు ఫుట్‌బాల్ కేవలము వినోదము కాదు. తండ్రినుండి బిడ్డలకు సంక్రమించు ఆస్తివంటిది. లివర్‌పూల్ జట్టు ఆడు క్రీడాప్రాంగణమునకు ఆన్‌ఫీల్డు అని పేరు. దాని యొక చివర, గోలు వెనుక, కొండవాలువలె మెట్లుమెట్లుగా లేచియుండు ప్రేక్షకుల గట్టును 'కాప్' అందురు.

ఈ పేరు ఒక యుద్ధమునుండి వచ్చినది. 1900 జనవరిలో దక్షిణాఫ్రికాయందలి నేటాలులో, స్పియన్ కాప్ అను కొండపై, ఆంగ్లేయులకును బోయర్లకును ఘోరసంగ్రామము జరిగెను. లివర్‌పూల్ పరిసరములనుండి వెళ్లిన సైనికులు పెక్కుమంది అందు నేలకొరిగిరి. 1906లో ఆన్‌ఫీల్డున ఈ గట్టును నిర్మించినపుడు స్థానిక పత్రికారచయిత యొకడు దానికి ఆ కొండపేరు పెట్టెను. ఆ కొండనుండి క్షతగాత్రులను డోలీలపై మోసి తెచ్చిన భారతీయ సేవాదళమును కూర్చినవాడు మోహనదాస్ కరంచంద్ గాంధీ యనుట ఈ సందర్భమున స్మరింపదగినది.

1928లో ఈ గట్టునకు పైకప్పు వేసిరి. నాటినుండి అచటి కేకలు ఆకాశమున చెదరిపోక, కప్పునకు తగిలి మరలి, మైదానముపై ఉరుమువలె పడసాగెను. ఆ కాలమున ఇరువదియెనిమిది వేల మంది అందు నిలిచి ఆట చూచెడివారు. కూర్చుండుటకు చోటు లేదు. బంతి గోలు దాపునకు వచ్చినపుడు ముందునకు త్రోసికొని వచ్చి, మరల వెనుకకు తగ్గు ఆ సమూహము గాలికి ఊగు వరిచేనువలె కనబడెడిది.

ఇంతమంది ఒక్క గొంతుతో పాడుట ఎట్లు సాధ్యము? ఇచట నాయకుడు లేడు. ముందుగా నేర్పువాడు లేడు. భజనగోష్ఠిలో ఒకరు ఎత్తుకొనగా తక్కినవారు అందుకొనునట్లు, ఎచటనో ఒక మూల ఒకడు చరణమెత్తును. బాగుండినచో ఇరుగుపొరుగువారు కలిసికొందురు. క్షణములో గట్టంతయు మారుమ్రోగును. బాగులేనిచో రెండవ చరణము రాకముందే అది అణగిపోవును. వరుసలు ఎక్కువగా నలుగురికి తెలిసిన పాటలవే; మాటలు మాత్రము క్రొత్తవి. ఆటగాని పేరో, ప్రత్యర్థిపై చమత్కారమో అందు చేరును. కర్త యెవరో ఎవరికిని తెలియదు. పరాయి జట్టు గోలుకీపరు తమ చివరకు వచ్చినపుడు చప్పట్లతో స్వాగతమిచ్చుట కాప్ గట్టువారి పాత మర్యాద. ఆ గౌరవమును పొందినవాడు మరుక్షణమునుండి వారి యెగతాళికిని సిద్ధపడవలసినదే.

1963లో ఈ గట్టునకు తనదైన గీతము లభించినది. 1945లో అమెరికాయందు ప్రదర్శింపబడిన 'కరౌసెల్' అను సంగీతనాటకమున, భర్తను కోల్పోయిన యువతిని ఓదార్చుటకై పాడు పాట యొకటి కలదు. దాని పేరు 'యూ విల్ నెవర్ వాక్ ఎలోన్'. లివర్‌పూల్ నగరపు గాయకబృందము 'జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్' దానిని రికార్డుగా వెలువరింపగా దేశమంతట ప్రచారమందెను. ఆటకు ముందు ధ్వనివర్ధకములలో ఆనాటి ప్రసిద్ధగీతములను వినిపించు ఆచారముండెడిది. తక్కినవి వచ్చినవి, పోయినవి; ఇది మాత్రము నిలిచినది. నేటికిని ఆట ఆరంభమునకు ముందు వేలాది జనులు ఎఱ్ఱని కండువాలను రెండు చేతులతో తలపైకెత్తి దీనిని పాడుదురు.

అయితే జనఘోష సర్వదా మధురము కాదు. నల్లజాతి ఆటగాండ్రను అవమానించు కేకలు ఇంగ్లండులోని పెక్కు ప్రాంగణములలో వినబడెడివి. 1991లో చట్టమే అట్టి కేకలను నేరముగా చేయవలసివచ్చెను. లివర్‌పూల్ అభిమానులును నిష్కళంకులు కారు. 1985 మే 29న బ్రస్సెల్స్ నగరమందలి హేసెల్ ప్రాంగణమున వారిలో కొందరు ఇటలీకి చెందిన యువెంటస్ జట్టు అభిమానులున్న వైపునకు ఉరికిరి. భయముతో వెనుకకు తగ్గినవారి ఒత్తిడికి గోడ కూలెను. 39 మంది మరణించిరి.

ఆ మచ్చ తొలగకముందే, 1989 ఏప్రిల్ 15న, మరియొక విపత్తు సంభవించెను. షెఫీల్డు నగరమున హిల్స్‌బరో ప్రాంగణములో లివర్‌పూల్ జట్టునకును నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టునకును పోటీ. ప్రేక్షకులు నిలుచు చోటు ఇనుపకంచెలతో దొడ్లవలె విభజింపబడియుండెను. వెలుపల జనము క్రిక్కిరియగా పోలీసులు ఒక పెద్ద గేటు తెరపించిరి. లోనికి వచ్చినవారు తిన్నగా నడిమి దొడ్లకు చేరిరి. అవి అప్పటికే నిండియుండెను. ప్రక్క దొడ్లలో చోటున్నను అటు మరలించువారు లేకపోయిరి. ముందున్నవారు కంచెకు అదుముకొని ఊపిరాడక కూలిరి. ఆట ఆరు నిమిషములకే ఆగిపోయెను. ఈ దుర్ఘటన తొంబదియారుగురిని బలిగొనెను.

అభిమానులే గేటును బ్రద్దలుకొట్టిరని పోలీసు అధికారి యొకడు చెప్పెను. అది అసత్యము. త్రాగి అల్లరిచేసిరని ఒక పత్రిక పెద్ద అక్షరములతో ప్రకటించెను. హేసెల్ ఘటనను ఎఱిగిన లోకము సులభముగా నమ్మినది. పోలీసుల వైఫల్యమే ముఖ్యకారణమని ఆ యేడే న్యాయమూర్తి టేలర్ తన నివేదికలో స్పష్టము చేసినను నింద తొలగలేదు. 1991లో మరణవిచారణ 'ప్రమాదవశమున మృతి' అని ముగిసినది.

మృతుల కుటుంబములు ఊరుకొనలేదు. కాప్ గట్టును ఊరుకొనలేదు. 1994లో నిలుచు మెట్లు పోయి కుర్చీలు వచ్చినను గొంతు తగ్గలేదు. 'తొంబదియారుగురికి న్యాయము' అను నినాదము ఆటకొక భాగమైనది. 2007 జనవరిలో ఒక పోటీయందు ఆట మొదలైన ఆరు నిమిషములవరకు దానినే పలికిరి. ఆరు నిమిషములే యేల యని అచట నెవరును అడుగలేదు.

2009 ఏప్రిల్ 15న ఇరువదియేండ్ల సంస్మరణసభ ఆన్‌ఫీల్డున జరిగెను. మంత్రి ఆండీ బర్న్‌హామ్ ప్రభుత్వము పక్షమున మాటలాడుచుండెను. మృతులను ఎన్నడును మరువజాలరని ఆయన పలుకగా జనమునుండి 'న్యాయము' అను కేక లేచినది. మరుక్షణమున గట్టంతయు లేచి నిలిచి పాతనినాదమును ఎత్తుకొనెను. మంత్రి ప్రసంగము మధ్యలో నిలిచిపోయెను. ఆ ఘోషను ఆపుటకు ఆయన యత్నింపలేదు, తలవంచి వినెను. పిమ్మట ఆ సంగతిని మంత్రివర్గము ముందుంచెను.

దాని ఫలితముగా లివర్‌పూల్ బిషప్ అధ్యక్షతన ఒక స్వతంత్రసంఘము ఏర్పడి, దాచియున్న పత్రములను వెలికితీసినది. 164 పోలీసు వాఙ్మూలములు మార్పబడినవనియు, వానిలో 116 నుండి పోలీసులకు ప్రతికూలమైన మాటలు తొలగింపబడినవనియు 2012 సెప్టెంబరులో వెల్లడియయ్యెను. ఆనాడే ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. క్రొత్త విచారణ జరిగి, ఆ మరణములు చట్టవిరుద్ధమైన హత్యలనియు, అభిమానుల దోషమేమియు లేదనియు 2016 ఏప్రిల్ 26న జ్యూరీ తేల్చెను. న్యాయస్థానము వెలుపలికి వచ్చిన తల్లులు, తండ్రులు, తోబుట్టువులు చేతులు పట్టుకొని ఆన్‌ఫీల్డు గీతమునే పాడిరి. అయినను ఆనాటి ముఖ్య పోలీసు అధికారిని 2019లో మరియొక జ్యూరీ నిర్దోషిగా విడిచినది.

2021 జూలైలో, ఆనాటి గాయములతో ముప్పదిరెండేండ్లు బ్రతికిన అభిమాని యొకడు కన్నుమూసెను. ఆ మృతియు హిల్స్‌బరో దుర్ఘటన ఫలితమేయని అధికారి నిర్ణయించెను. నాటినుండి మృతుల సంఖ్యను లివర్‌పూల్ జనులు తొంబదియేడుగా పలుకుదురు.