రిఫైనరీ ఉత్ప్రేరకం ఎందుకు పాడవుతుంది?

ప్రశ్న: ఉత్ప్రేరకం చర్యలో పాల్గొన్నా తాను ఖర్చు కాదని బడిలో చదువుకున్నాం. మరి చమురు రిఫైనరీల్లో రోజూ కొత్తది ఎందుకు కలుపుతారు?

జవాబు: మీరు చదివింది తప్పు కాదు. చర్య వల్ల అది తరగదు, చుట్టూ ఉన్న పరిస్థితులే దాన్ని చెడగొడతాయి. బరువైన నూనె అణువులను ముక్కలు చేసి పెట్రోలు తీసే ఎఫ్‌సీసీ యూనిట్‌నే చూద్దాం. అందులో వాడే జియోలైట్ పొడి కొత్తగా ఉన్నప్పుడు ముగ్గుపిండిలా తెల్లగా ఉంటుంది. ఒక్కో రేణువు సుమారు 70 మైక్రాన్లు. నూనె ఆవిరితో కలిసి రెండు మూడు సెకన్లలో గొట్టం పైకి చేరేసరికి నల్లబడిపోతుంది. ఆ నలుపే కోక్. రేణువులోని సన్నటి రంధ్రాలను అది మూసేస్తుంది. దీనికి కంగారు పడక్కర్లేదు. పక్క పాత్రలో దాదాపు 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో గాలితో కాల్చేస్తే పోతుంది. పైగా ఆ మంట వేడే మళ్లీ నూనెను ముక్కలు చేయడానికి పనికొస్తుంది. ఈ ఏర్పాటు నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

అసలు దెబ్బ లోహాలది. ముడిచమురులో అతి స్వల్పంగా ఉండే వెనేడియం రేణువుల మీద పేరుకుని, ఆ వేడిలో నీటి ఆవిరితో కలిసి ఆమ్లంగా మారి, జియోలైట్ స్ఫటికాన్నే కూల్చేస్తుంది. నికెల్ హైడ్రోజన్‌ను ఊడగొట్టి కోక్‌ను పెంచుతుంది. దాన్ని అణచడానికి యాంటిమనీ వాడతారు. ఒట్టి నీటి ఆవిరి కూడా జియోలైట్ చట్రంలోని అల్యూమినియంను బయటికి లాగేస్తుంది. ఎంత కాల్చినా ఇవి బాగుపడవు. అందుకే యూనిట్‌ను ఆపకుండానే కొంత పాత పొడి తీసి, కొత్తది వేస్తుంటారు.